లెగ్ గార్డ్ కాపాడేది మనిషినా, బండినా?

కొత్త బండి కొన్నప్పుడు డబ్బులన్నీ కట్టేశాక షోరూములో చివరిగా ఒక ప్రశ్న వస్తుంది: "గార్డ్ వేయించమంటారా సార్?" వెంట వచ్చిన నాన్న, "వేయించరా, పడితే కాలికి దెబ్బ తగలదు" అంటారు. పక్కనున్న స్నేహితుడు, "వద్దు మామా, దానివల్లే కాళ్లు విరుగుతాయట, పైగా పోలీసులు ఫైన్ వేస్తారు" అంటాడు. కొనేవాడు ఇద్దరి మొహాలూ చూసి, ఎవరు గట్టిగా చెబితే వాళ్ల మాట వింటాడు.

నిజానికి ఇద్దరూ కొంతవరకు సరిగ్గానే చెబుతున్నారు. కాకపోతే ఇద్దరూ తలుచుకుంటున్నది వేర్వేరు ప్రమాదాలను. నాన్న కళ్ల ముందున్నది గేటు దగ్గర బండి ఒరిగిపోయి కాలు కింద ఇరుక్కోవడం. స్నేహితుడి కళ్ల ముందున్నది హైవే మీద కారు వచ్చి పక్కనుంచి గుద్దడం. ఒకటే ఇనప గొట్టం, ఈ రెండు చోట్లా చేసే పని మాత్రం ఒకటి కాదు. దాని మీద జరిగే వాదనలన్నీ ఈ తేడా దగ్గరే చిక్కుకుంటాయి.

పేర్లలోనే సగం గందరగోళం

మన దగ్గర లెగ్ గార్డ్, క్రాష్ గార్డ్, సేఫ్టీ గార్డ్, ఇంజిన్ గార్డ్ అని నాలుగు పేర్లు వినిపిస్తాయి. చాలాసార్లు నాలుగూ ఒక వస్తువుకే: ముందు చక్రం వెనక, ఇంజిన్‌కు రెండు వైపులా రెక్కల్లా బయటికి వచ్చే గొట్టానికి. అది ఫ్రేముకు, లేదా ఇంజిన్‌ను ఫ్రేముకు పట్టి ఉంచే బోల్టులకు బిగిస్తారు. "లెగ్ గార్డ్" అనగానే కాలిని కాపాడుతుందని నమ్మకం కలుగుతుంది. "ఇంజిన్ గార్డ్" అంటే కాపాడేది ఇంజిన్‌నే అని అర్థమవుతుంది. తయారీదారులు రెండో పేరునే ఎక్కువగా వాడటానికి కారణం ఉంది. హార్లీ డేవిడ్‌సన్ తన బండ్ల పుస్తకాల్లో ఈ సంగతి విప్పి చెబుతుంది: ఆగి ఉన్నప్పుడో, చాలా నెమ్మదిగా పోతున్నప్పుడో పడితే ఈ గార్డ్ కాలికీ బండి అందానికీ కొంత రక్షణ ఇవ్వవచ్చు, మరో వాహనాన్ని గుద్దుకున్నప్పుడు ఒంటికి దెబ్బ తగలకుండా ఆపడానికి మాత్రం దీన్ని చేయలేదు అని.

దీని చుట్టాలు ఇంకొన్ని ఉన్నాయి. ఫ్రేమ్ స్లైడర్ అంటే గొట్టం కాదు, ఫ్రేముకు రెండు వైపులా బిగించే గట్టి ప్లాస్టిక్ గుబ్బ. బండి పడి జారితే అది అరుగుతూ పోతుంది. వెనక చక్రం పక్కన ఉండేది శారీ గార్డ్. ఇది పూర్తిగా వేరు, చట్టం అడిగే వస్తువు. వెనక మనిషిని కూర్చోబెట్టుకునే బండికి చేతితో పట్టుకునే పిడి, కాళ్లు పెట్టుకునే ఫుట్‌రెస్టు, వెనక చక్రాన్ని కనీసం సగం కప్పే రక్షణ ఉండాలని కేంద్ర మోటారు వాహనాల నియమాల్లోని 123వ నియమం చెబుతుంది. ముందు గార్డ్ గురించి అలాంటి నియమం లేదు. ఇక కార్లకు, జీపులకు ముందు బిగించే భారీ కమ్మీ బుల్ బార్. ఈ పేరు గుర్తు పెట్టుకోండి, చట్టం దగ్గర మళ్లీ దీని పని పడుతుంది.

నెమ్మదిగా పడినప్పుడు ఏం జరుగుతుంది?

గార్డ్ నిజంగా అక్కరకొచ్చేది ఇక్కడే. యూ టర్న్ తీసుకుంటుంటే ముందు చక్రం కింద ఇసుక తగిలింది. లేదా సిగ్నల్ దగ్గర కాలు ఆనించబోతే అక్కడ గుంట ఉంది. లేదా వానలో పేడ మీద చక్రం జారింది. బండి ఒక పక్కకు వాలుతుంది. స్ప్లెండర్ లాంటి 110 కిలోల బండిని ఒక్కోసారి కాలితోనే నిలబెట్టేయవచ్చు. రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350 బరువు 195 కిలోలు. అది కాస్త ఎక్కువ ఒరిగిందంటే ఎంత బలమైనవాడైనా వదిలేయాల్సిందే.

గార్డ్ లేని బండి పడితే నేలకు తగిలేవి హ్యాండిల్ చివర, ఫుట్‌రెస్టు, ఇంజిన్ పక్క కవరు. ఎడమ వైపు పడితే గేరు రాడ్ లోపలికి వంగి ఇంజిన్ కవరుకు గుచ్చుకోవచ్చు. కవరు పగిలితే ఆయిల్ కారిపోతుంది, బండి అక్కడి నుంచి కదలదు. మన దగ్గర చాలా బండ్లకు సైలెన్సర్ కుడి వైపే ఉంటుంది. ఆ వైపు పడితే కాలు కింద ఇరుక్కోవడమే కాకుండా కాలుతుంది కూడా.

గార్డ్ ఉంటే బండి దాని మీద, హ్యాండిల్ చివర మీద, వెనక ఏదో ఒక భాగం మీద ఆని, పూర్తిగా నేలకు అంటుకోకుండా ఏటవాలుగా ఆగుతుంది. బండికీ నేలకూ మధ్య మిగిలే ఆ కాస్త సందులోనే కాలు బతుకుతుంది. తిరిగి లేపడం కూడా తేలిక, ఎందుకంటే సగం దూరం బండి ముందే లేచి ఉంది. బరువైన బండిని ఒంటరిగా నడిపే ఆడవాళ్లకు, పెద్ద వయసువాళ్లకు ఈ ఒక్క లాభమే చాలా పెద్దది. నేను వానాకాలంలో కాలనీ మలుపు దగ్గర ఇలాగే పడ్డాను. ప్యాంటు చిరిగింది, మోచేయి గీరుకుపోయింది. కాలు మాత్రం ఆ సందులోంచి మామూలుగా లాక్కున్నాను. గార్డ్ మీద పడ్డ గీత తప్ప బండికి ఏమీ కాలేదు. కాబట్టి గార్డ్ దండగ అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోలేను.

కాకపోతే గార్డ్ ఉన్నా క్లచ్ లీవరు విరగవచ్చు, ఇండికేటర్ పగలవచ్చు, అద్దం పోవచ్చు. హ్యాండిల్ చివర గార్డ్ కన్నా బయటికే ఉంటుంది కదా, దానికి తగిలే దెబ్బను గార్డ్ ఆపలేదు.

వేగం పెరిగితే లెక్క మారిపోతుంది

వేగం రెట్టింపయితే దెబ్బ రెట్టింపు అవుతుందని అనుకుంటాం. అసలు నాలుగింతలవుతుంది. దీన్ని ఎత్తులోకి మార్చి చూస్తే బాగా అర్థమవుతుంది. గంటకు 15 కిలోమీటర్ల వేగంలో పోతూ కదలని దేన్నైనా నేరుగా గుద్దుకోవడం, దాదాపు 0.9 మీటర్ల ఎత్తు నుంచి కింద పడటంతో సమానం. అంటే వంటగట్టు మీంచి పడినట్టు. 30 కిలోమీటర్లయితే 3.5 మీటర్లు, డాబా మీంచి పడినట్టు. 60 కిలోమీటర్లయితే 14 మీటర్లు, అంటే నాలుగంతస్తుల మేడ పైనుంచి. వంటగట్టు ఎత్తుకు సరిపోయే గొట్టాన్ని నాలుగంతస్తుల ఎత్తుకు అడగడం న్యాయం కాదు.

అయితే వేగంలో పడిన ప్రతివాడూ దేన్నో గుద్దుకోడు. చాలాసార్లు బండి, మనిషి విడిపోయి తారు మీద జారుతూ వెళ్లి ఆగుతారు. అలా జారుతూ ఆగితే ఆ శక్తి కొంచెం కొంచెంగా రాపిడిలో కరిగిపోతుంది, ఒక్కసారిగా దేన్నో ఢీకొట్టి ఆగితేనే ఇందాకటి లెక్క పూర్తిగా వర్తిస్తుంది. అందుకే వేగంలో పడ్డ బండి సాఫీగా జారడం ముఖ్యం. బయటికి పొడుచుకొచ్చిన గార్డ్ గుంట అంచుకో, డివైడర్ రాయికో తగులుకుంటే జారుతున్న బండి ఎగిరి పల్టీ కొట్టవచ్చు. గార్డ్‌ను వద్దనేవాళ్లు చూపించే మొదటి భయం ఇదే, అందులో అర్థం ఉంది. రేసు బండ్లకు గొట్టాలకు బదులు అరిగే గుబ్బలు పెట్టడం వెనకా ఇదే ఆలోచన ఉంది.

1981 నాటి అమెరికా పరిశోధన ఏం తేల్చింది?

"గార్డ్ వల్లే కాళ్లు విరుగుతాయట" అన్న మాటకు మూలం వెతికితే చాలావరకు ఒకే చోటికి వెళ్తాం. దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో హ్యారీ హర్ట్ అనే ఆచార్యుడు, ఆయన బృందం లాస్ ఏంజెలెస్ ప్రాంతంలో 900 మోటారుసైకిల్ ప్రమాదాలను జరిగిన చోటికే వెళ్లి పరిశీలించారు. వాటితో పాటు 3,600 పోలీసు నివేదికలు చదివారు. ఆ నివేదిక 1981లో వచ్చింది. క్రాష్ బార్ల (మన గార్డులకు అక్కడి పేరు) గురించి వాళ్లు తేల్చింది ఇది: వాటివల్ల పాదానికీ చీలమండకూ తగిలే దెబ్బలు తగ్గాయి, కానీ తొడకూ, మోకాలికీ, పిక్క భాగానికీ తగిలే దెబ్బలు పెరిగాయి. ఒక పక్క తగ్గింది మరో పక్క పెరిగింది కాబట్టి మొత్తం మీద అది పనికొచ్చే రక్షణ కాదన్నారు.

ఇలా ఎందుకవుతుందో ఊహించడం కష్టం కాదు. పక్కనుంచి కారు బంపరు తగిలితే గార్డ్ వెనక్కి మడుచుకుంటుంది. దాని వెనకే కాలు ఉంటుంది, కాలి పక్కన ఇంజిన్. మధ్యలో ఇరుక్కునేది కాలే. ఎదురుగా గుద్దుకుంటే మనిషి ఒళ్లు ముందుకు దూసుకుపోతుంది, ఆ దారిలో మోకాలికో తొడకో ఆ గొట్టమే అడ్డొస్తుంది.

దీని మీద వచ్చే అభ్యంతరాలు కూడా వినాలి. అవి 1970ల నాటి బండ్లు, అమెరికా కార్లు, వెడల్పాటి రోడ్లు. మనకు ఆటోలు, బర్రెలు, రాంగ్ రూట్లో వచ్చే ట్రాక్టర్లు. అక్కడి ఫలితాన్ని యథాతథంగా ఇక్కడికి తెచ్చుకోవడం సరికాదనే మాటలో బలం ఉంది. కానీ "మనవాళ్లు అంత స్పీడుగా పోరు కదా" అనే వాదన మాత్రం నిలబడదు. అదే పరిశోధనలో గుద్దుకున్న క్షణానికి బండ్ల మధ్యస్థ వేగం (సగం బండ్లు అంతకన్నా తక్కువలో, సగం ఎక్కువలో) గంటకు 21.5 మైళ్లు, అంటే సుమారు 35 కిలోమీటర్లు. మన ఊళ్లో రోజూ పోయే వేగమే అది.

ఇంకో సంగతి చాలామంది పట్టించుకోరు. వాళ్లు చూసినవి ప్రమాదాలుగా నమోదైనవి. గేటు దగ్గర ఒరిగి, లేచి, దులుపుకుని వెళ్లిపోయిన వాళ్లు ఏ పోలీసు నివేదికలోనూ ఉండరు. గార్డ్ బాగా పనిచేసే సందర్భాలన్నీ దాదాపు అలాంటివే. అందుకే హర్ట్ నివేదికా తప్పు కాదు, నాన్న అనుభవమూ తప్పు కాదు.

ఆ తర్వాత 1980ల్లో బ్రిటన్‌లో గొట్టాలకు బదులు, దెబ్బను మింగేలా చేసిన వెడల్పాటి కాలి రక్షణల మీద ప్రయోగాలు జరిగాయి. వీటితో కాళ్లు బాగా దక్కుతాయని ప్రభుత్వ పరిశోధకులు అన్నారు. కాలిని అలా పట్టి ఉంచితే మనిషి ఎగిరే తీరు మారి తలకు దెబ్బ పెరగవచ్చని తయారీదారులు వాదించారు. ఒకరి ప్రయోగం మరొకరు ఒప్పుకోలేదు. ఇలాంటి రక్షణలను ఎలా పరీక్షించాలో చెప్పే అంతర్జాతీయ ప్రమాణం, ఐఎస్ఓ 13232, 1996లో వచ్చింది. మనం కొట్లో కొనే గొట్టానికి ఆ తరహా పరీక్ష జరిగి ఉంటుందనుకోవడానికి ఆధారమేమీ లేదు.

కాళ్ల గురించి ఇంత మాట్లాడుకున్నాక తల గురించి ఒక్క లెక్క చెప్పకపోతే తప్పవుతుంది. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. వాళ్లలో 74,897 మంది ద్విచక్ర వాహనాల మీద వెళ్తున్నవాళ్లు. హెల్మెట్ లేక చనిపోయినవాళ్లు, వెనక కూర్చున్నవాళ్లతో కలిపి, 50,029 మంది. గార్డ్ కోసం షోరూములో పావుగంట వాదించుకున్న కుటుంబం, వెనక కూర్చునే అమ్మకు రెండో హెల్మెట్ తీసుకోకుండా వెళ్లిపోవడం చూస్తే నాకు కడుపు తరుక్కుపోతుంది.

చట్టం ఏమంటోంది?

2017 డిసెంబరులో కేంద్ర రోడ్డు రవాణా శాఖ రాష్ట్రాలకు ఒక లేఖ రాసింది. వాహనాలకు అనుమతి లేకుండా క్రాష్ గార్డులు, బుల్ బార్లు బిగించడం 1988 మోటారు వాహనాల చట్టంలో వాహనానికి అనుమతి లేని మార్పులు చేయకూడదనే 52వ సెక్షన్‌కు విరుద్ధమని, చర్య తీసుకోమని అందులో ఉంది. పాదచారులకూ, వాహనంలో ఉన్నవాళ్లకూ ప్రమాదమన్నది కారణం. "గార్డులు బ్యాన్ చేశారు" అన్న వార్త అప్పుడే బండ్ల దాకా పాకింది.

ఆ కారణం కారు విషయంలో స్పష్టం. కారు ముందు భాగం నలిగిపోయి దెబ్బను మింగేలా తయారవుతుంది, ఎప్పుడు తెరుచుకోవాలో ఎయిర్‌బ్యాగ్‌కు తెలిసేది ఆ దెబ్బను బట్టే. మధ్యలో ఇనప కమ్మీ అడ్డం పెడితే ఆ లెక్క చెడిపోతుంది. మన మామూలు బండ్లకు నలిగే ముందు భాగమూ లేదు, ఎయిర్‌బ్యాగూ లేదు. కాబట్టి ఆ కారణంలో సగం బండికి వర్తించదు. కానీ లేఖలో ఉన్న మాట "మోటారు వాహనాలు". చట్టం ప్రకారం మోటారుసైకిల్ కూడా మోటారు వాహనమే. అక్షరాలు పట్టుకుంటే బండీ అందులోకి వస్తుంది.

52వ సెక్షన్ చెప్పే "మార్పు"కు చట్టంలోనే అర్థం ఉంది: వాహనం నిర్మాణంలో చేసిన మార్పు వల్ల దాని మౌలిక లక్షణం మారిపోవడం. ఒకరు అంటారు, నాలుగు బోల్టులతో బిగించి, కావాలంటే విప్పేసే గొట్టం మౌలిక లక్షణాన్ని ఎలా మారుస్తుంది అని. పైగా రాయల్ ఎన్‌ఫీల్డ్ లాంటి కంపెనీలే ఇంజిన్ గార్డులను తమ అధికారిక యాక్సెసరీలుగా అమ్ముతున్నాయి. ఇంకొకరు అంటారు, వాహనం వెడల్పు దాటి, పదును తేలి, ఎదుటివాడి కాలికి తగిలే ఇనుమును రోడ్డు మీదికి తేవడం ఎలా సబబు అని. 2019లో చేసిన సవరణతో అనుమతి లేని మార్పుకు శిక్ష కూడా పెరిగింది: యజమానికి ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ.

నా దృష్టిలో కంపెనీ ఆ మోడల్ కోసమే చేసి, బిల్లుతో ఇచ్చిన గార్డుకూ, వెల్డింగ్ షాపులో గొట్టం వంచి హ్యాండిల్ కన్నా బయటికి వచ్చేలా చేసిన గార్డుకూ చాలా తేడా ఉంది. రోడ్డు మీద ఆపిన అధికారి ఈ తేడాను ఎలా చూస్తారన్నది మాత్రం అక్కడికక్కడే తేలుతుంది, ఎందుకంటే లేఖ ఈ రెంటినీ విడదీసి చెప్పలేదు.

డబ్బు కోణం: ఒక లెక్క

లెక్క కోసం గుండ్రని అంకెలు వేసుకుందాం. గార్డ్ ధర 2,500. చిన్నగా పడితే పోయే ప్లాస్టిక్ భాగాల ఖర్చు 1,500. రెండుసార్లు పడితే గార్డ్ డబ్బులు తిరిగొచ్చినట్టే. బండి కొత్తగా నేర్చుకునేవాడు మొదటి ఏడాదిలోనే రెండుసార్లు పడవచ్చు. పదేళ్లుగా ఒక్కసారీ పడనివాడికి ఆ లెక్క ఎప్పటికీ తేలకపోవచ్చు.

"ఇన్సూరెన్స్ ఉంది కదా" అంటారు. చూద్దాం. ప్లాస్టిక్ భాగాలకు పాలసీలో 50 శాతం తరుగుదల తీసేస్తారు. 1,500లో 750 మిగులుతుంది. తప్పనిసరిగా మనం పెట్టుకోవాల్సిన 100 పోతే చేతికొచ్చేది 650. క్లెయిమ్ చేశారు కాబట్టి నో క్లెయిమ్ బోనస్, అంటే ఏడాదంతా క్లెయిమ్ చేయనివాళ్లకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, పోతుంది. సొంత నష్టం ప్రీమియం (మన బండికి తగిలే దెబ్బల కోసం కట్టే భాగం) 2,000 అనుకుంటే, మొదటి ఏడాది బోనస్ 20 శాతం, అంటే 400. చివరికి మిగిలింది 250 రూపాయలు. ఏటా పెరుగుతూ 50 శాతం దాకా వెళ్లే ఆ బోనస్ మెట్లు మళ్లీ మొదటి నుంచి ఎక్కాలి. జీరో డిప్ పాలసీ ఉంటే తరుగుదల బాధ తప్పుతుంది, బోనస్ బాధ తప్పదు. అంటే చిన్న దెబ్బల ఖర్చు మన జేబులోంచే పోతుంది, గార్డ్ ఆదా చేసేది కూడా సరిగ్గా ఆ చిన్న దెబ్బలనే.

అన్ని గార్డులూ ఒకటి కావు

హైదరాబాద్ పుత్లీబౌలిలోనో విజయవాడ ఆటోనగర్‌లోనో చూస్తే ఒకే బండికి రకరకాల గార్డులు దొరుకుతాయి. మెరుపును బట్టి తేడా కనిపెట్టలేం. చూడాల్సింది బోల్టులు ఎన్ని చోట్ల ఉన్నాయన్నది. ఒకే చోట బిగించిన గార్డ్ తాళంచెవిలాంటిది: బయటి కొసకు తగిలిన దెబ్బ ఆ ఒక్క బోల్టును తిప్పేస్తుంది, గొట్టం వెనక్కి తిరిగి కాలి మీదికే వస్తుంది. పైనా కిందా కలిపి మూడు నాలుగు చోట్ల పట్టు ఉంటే దెబ్బ పంచుకుపోతుంది.

గొట్టం మరీ పలుచనయితే పడగానే వంగుతుంది. మరీ మొండిదైతే తాను వంగకుండా దెబ్బంతా ఫ్రేముకు పంపుతుంది. ఫ్రేము వంగితే అది గార్డ్ ధరతో పోయేది కాదు. చాసిస్ నంబరు చెక్కి ఉండేది దాని మీదే, మార్చాలంటే ఆర్సీ దాకా వెళ్లే వ్యవహారం. ఫ్రేము కన్నా ముందు తాను వంగేదే మంచి గార్డ్.

గార్డుకు తాడు చుట్టడం బుల్లెట్ల మీద ఎక్కువగా కనిపిస్తుంది. చూడటానికి బాగుంటుంది, అవసరానికి తాడు పనికొస్తుంది కూడా. వాన నీళ్లు ఆ చుట్ల కింద నిలిచి తుప్పు పట్టినా, వెల్డింగ్ దగ్గర చీలిక వచ్చినా పైకి కనబడదు. పాల క్యాన్లు, సంచులు తగిలించడం మరో అలవాటు. లాంగ్ డ్రైవ్‌లో గార్డ్ మీద కాళ్లు చాపడం అన్నిటికన్నా ప్రమాదకరం. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు దాదాపు 17 మీటర్లు పోతుంది. కాలు దించి బ్రేకు మీద పెట్టడానికి ఒక్క సెకను పట్టినా అంత దూరం బ్రేకు లేకుండా పోయినట్టే. పైగా ఆ క్షణంలో ఏదైనా తగిలితే కాళ్లు గార్డ్ మీదే ఉంటాయి.

ఒకసారి గట్టిగా వంగిన గార్డ్ పరిస్థితి ఏమిటన్నది కూడా చాలామంది అడిగేదే. వెల్డింగ్ షాపులో ఎర్రగా కాల్చి, సుత్తితో కొట్టి, నల్ల రంగు వేస్తే చూడటానికి కొత్తదానిలాగే ఉంటుంది. కానీ గొట్టం ఒకసారి మడతపడిన చోట గోడ చదునైపోతుంది, లోహం అలిసిపోతుంది, తర్వాతిసారి అక్కడే, ఇంకా తక్కువ దెబ్బకే మడుచుకుంటుంది. దానితో పాటు దెబ్బ తిన్న బోల్టులు, అవి పట్టి ఉన్న ఇంజిన్ మౌంటు రంధ్రాలు కూడా ఉంటాయి, వాటిని ఎవరూ విప్పి చూడరు. సెకండ్ హ్యాండ్ బండి కొనేటప్పుడు మెకానిక్‌లు గార్డ్ మీది గీతలను, వంకరను ముందు చూసేది అందుకే. ఆ బండి ఎటు పడిందో, ఎంత గట్టిగా పడిందో, అమ్మేవాడు చెప్పని సంగతి అక్కడ రాసి ఉంటుంది.